నాయన స్లైడ్లను రెండోసారి చూసిన చోటు: చెన్నై కీల్పాక్‌లోని ఒక ల్యాబ్‌లో మా అనుభవం

నాయన జబ్బు మొదలైనప్పటి నుంచి వచ్చిన బిల్లులన్నీ ఒక ఫైల్లో పెడుతున్నాను. వాటిలో 3,500 రూపాయల బిల్లు ఒకటి ఉంది. దాని మీద ‘స్లైడ్ రివ్యూ’ అని రాసి ఉంటుంది, అంటే ఒక ల్యాబ్ చూసిన గడ్డ ముక్కను ఇంకో ల్యాబ్ మళ్లీ చూసి చెప్పడం. అంతకు ముందు మూడు వారాలు లక్షకు పైగా ఖర్చు పెట్టి తిరిగిన దారి మాది కాదని ఆ 3,500 పెట్టాకే తెలిసింది. అరుదైన రకం మూత్రాశయ క్యాన్సర్ అనే మాట ఎవరి ఇంట్లోనైనా వినపడితే వాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

ల్యాబ్ పేరు రాయడం లేదు. మెచ్చుకోవాల్సినవీ, బాగాలేనివీ రెండూ చెప్పబోతున్నాను కాబట్టి పేరు లేకుండానే మనసు విప్పి రాయగలను. చెన్నైలో పెద్ద క్యాన్సర్ ఆసుపత్రుల పాథాలజీ (గడ్డ ముక్కలను పరీక్షించే) విభాగాల్లోనూ, కొన్ని విడి ల్యాబుల్లోనూ ఈ సేవ దొరుకుతుంది. ఎక్కడికి వెళ్లినా ఏం అడగాలో తెలిస్తే సగం పని అయినట్టే.

మాది వెంకటగిరి. నాయన నలభై ఏళ్లు నూలుకు రంగులద్దాడు. పెళ్లయ్యాక నేను చెన్నై విల్లివాక్కంలో స్థిరపడ్డాను. పోయిన ఏడాది నాయనకు మాటిమాటికీ మూత్రం రావడం, పొత్తికడుపులో బిగువు మొదలయ్యాయి. రక్తం పెద్దగా కనపడలేదు. ఒకసారి ఇన్ఫెక్షన్ అన్నారు, ఇంకోసారి ప్రోస్టేట్ అన్నారు. మందులు వాడుతూనే నాలుగు నెలల్లో ఏడు కిలోలు తగ్గాడు. చివరికి స్కాన్ తీస్తే మూత్రసంచి గోడ ఒకవైపు మందంగా ఉంది. మూత్రనాళం గుండా గొట్టం పంపి, లోపలి గడ్డను గీకి తీశారు. టీయూఆర్‌బీటీ అంటారు దాన్ని. తీసిన ముక్కలను ఒక ల్యాబ్‌కు పంపారు.

ఆ ల్యాబ్ రిపోర్టులో ప్లాస్మా కణాల్లాంటి (ఒక రకం తెల్లరక్త కణాల్లాంటి) కణాలు కనిపించాయనీ, సీడీ138 అనే మార్కర్ (కణం ఏ రకమో గుర్తుపట్టే రంగు పరీక్ష) పాజిటివ్ అనీ, ప్లాస్మాసైటోమా, అంటే ప్లాస్మా కణాల గడ్డ అనుమానమనీ, రక్త వ్యాధుల నిపుణుడిని కలవమనీ ఉంది. కలిశాం. ఎముక మజ్జ తీశారు. రక్తంలో, మూత్రంలో ప్రోటీన్ పరీక్షలు చేశారు. ఒంట్లో ఎముకలన్నీ స్కాన్ చేశారు. అన్నీ మామూలుగానే వచ్చాయి. డెబ్బై ఒక్కేళ్ల మనిషి నడుము ఎముకలోకి సూది దించుతుంటే పళ్లు బిగబట్టి పడుకున్నాడు. ఆ రోజు గుర్తొస్తే ఇప్పటికీ నాకు కడుపులో తిప్పుతుంది. అవసరం లేని సూది అది.

అప్పుడు చెన్నైలో ఒక క్యాన్సర్ డాక్టర్ రిపోర్టంతా చదివి, “ఇంకో పరీక్ష చేయించే ముందు ఈ స్లైడ్లను మూత్రాశయ గడ్డలు రోజూ చూసే పాథాలజిస్ట్ ఒకరికి చూపించండి. రిపోర్టు కాదు, స్లైడ్లూ బ్లాకులూ తీసుకెళ్లండి” అన్నారు. ఆ రోజు మాకు దొరికిన అన్నిటికంటే మంచి సలహా అది.

ఈ బ్లాకుల సంగతి ముందే తెలుసుకుని ఉంటే బాగుండేది. గడ్డ ముక్కను ఫార్మాలిన్‌లో నానబెట్టి, తర్వాత మైనంలో పోసి గట్టిపరుస్తారు. అగ్గిపెట్టెలో సగం ఉండే ఆ మైనపు ముక్కే బ్లాక్. దాన్ని వెంట్రుక కంటే సన్నటి పొరలుగా కోసి, గాజు మీద అతికించి రంగు వేస్తే స్లైడ్. పాత స్లైడ్ చూసి అభిప్రాయం చెప్పగలరు, కానీ కొత్త మార్కర్లు వేయాలన్నా, జన్యు పరీక్ష చేయాలన్నా బ్లాక్ కావాల్సిందే. మొదటి ల్యాబ్ వాళ్లు స్లైడ్లు ఇచ్చారు గానీ బ్లాకులకు మూడుసార్లు తిప్పారు. డాక్టర్ లెటర్, నాయన సంతకం, ఆధార్ కాపీ అన్నీ ఒకేసారి పట్టుకెళ్లి ఉంటే ఒక్కరోజులో అయిపోయేది. తమ్ముడు ఆ పని మీద రెండుసార్లు ఊరి నుంచి నాయుడుపేట మీదుగా బస్సులో వచ్చి మాధవరంలో దిగాడు.

స్లైడ్లూ బ్లాకులూ పట్టుకుని వెళ్లేసరికి కీల్పాక్ ల్యాబ్ కౌంటర్లో గూడూరు అమ్మాయి ఉంది. మా మాట యాస పట్టేసి, “అక్కా, నెల్లూరు వైపా?” అని అడిగింది. ఫారం నింపేటప్పుడు ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నలే నాకు మొదటి నమ్మకం కలిగించాయి. ముక్క తీసింది ఏ తేదీన, ఎన్ని గంటలకు? ఫార్మాలిన్‌లో ఎంతసేపు ఉంది? పది శాతం ఫార్మాలిన్‌లో 6 గంటలకు తక్కువ ఉన్నా, 72 గంటలు దాటినా మార్కర్లూ డీఎన్‌ఏ సరిగ్గా పలకవట. అంతకు ముందు ఎవరూ మమ్మల్ని ఈ మాట అడగలేదు. తర్వాతి గడి ‘వృత్తి’. రంగుల అద్దకం అని రాశాను. ‘పొగ’ గడిలో బీడీలు, ముప్పై ఏళ్లు, మానేసి ఎనిమిదేళ్లు అని రాశాను.

నాలుగు పని దినాలన్నారు, ఐదో రోజున ఫోన్ చేశారు. ఫోన్లో చెప్పకుండా మనిషిని కలవమన్నారు. నేనూ, తమ్ముడూ, నాయనా ముగ్గురం వెళ్లాం. పాథాలజిస్ట్ యాభై దాటిన ఆవిడ. తమిళం, ఇంగ్లీషు కలిపి మాట్లాడారు, గూడూరు అమ్మాయి పక్కన నిలబడి నాయనకు తెలుగులో చెప్పింది. మైక్రోస్కోప్‌లో కనపడేదంతా పెద్ద తెర మీదకు వచ్చేలా పెట్టారు.

“మొదటి ల్యాబ్ వాళ్లు చూసింది తప్పు కాదు, చూసి ఆగిపోవడం తప్పు” అని మొదలుపెట్టారావిడ. ఈ కణాలు చూడటానికి నిజంగానే ప్లాస్మా కణాల్లా ఉంటాయి. గుండ్రంగా, కేంద్రకం ఒక పక్కకు జరిగి ఉంటుంది. సీడీ138 కూడా పాజిటివ్ వస్తుంది. కానీ ఆ మార్కర్ ప్లాస్మా కణాల సొత్తు కాదు, చర్మం పై పొర, మూత్రాశయం లోపలి పొర లాంటి వాటి కణాల్లోనూ ఉంటుంది. అందుకని ఆవిడ మరో ఆరు మార్కర్లు వేయించారు. కెరటిన్ పాజిటివ్, అంటే ఇవి పొర కణాలు. గాటా3 పాజిటివ్, అంటే మూత్రాశయపు పొర వైపు వేలు చూపిస్తోంది. కప్పా, లాంబ్డా రెండూ నెగటివ్, అంటే ప్లాస్మా కణాలు కావు. సీడీఎక్స్2 నెగటివ్, అంటే పొట్ట, పేగుల నుంచి వచ్చిందనే అనుమానం తగ్గింది. చివరిది ఈ-క్యాథరిన్. పక్కనున్న మామూలు పొరలో ప్రతి కణం చుట్టూ గోధుమ రంగు గీత గీసినట్టు కనపడింది, గడ్డ కణాల చుట్టూ ఏమీ లేదు. ఆ తేడా నాకే తెలిసిపోయింది, చదువు అక్కర్లేదు.

ఈ-క్యాథరిన్ కణాన్ని కణంతో పట్టి ఉంచే జిగురు లాంటిది. అది పోయింది కాబట్టే కణాలు గడ్డగా కూడకుండా, విడివిడిగా గోడలోకి పాకుతూ పోయాయి. రక్తం పెద్దగా కనపడకపోవడానికీ, జబ్బు ఆలస్యంగా బయటపడటానికీ ఈ పాకే గుణమే కారణమట. దీని పేరు ప్లాస్మాసైటాయిడ్ యూరోథీలియల్ కార్సినోమా, అంటే ప్లాస్మా కణాల్లా కనపడే మూత్రాశయపు పొర క్యాన్సర్. మూత్రాశయ క్యాన్సర్లలో నూటికి దాదాపు తొంభై యూరోథీలియల్ రకాలే. వాటిలో కొన్ని ఇలా వేషం మార్చుకుంటాయి. మైక్రోపాపిలరీ, నెస్టెడ్, సార్కోమటాయిడ్ అంటూ ఒక్కోదానికీ ఒక్కో రూపం, ఒక్కో నడత. 2022లో వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో వీటన్నిటినీ విడివిడిగా రాయాలని ఉందట. నెస్టెడ్ రకమైతే చూడటానికి మామూలు కణాల్లాగే అమాయకంగా ఉండి, క్యాన్సరే కాదనిపిస్తుందట. చిన్న కణాల రకం, బొడ్డు నుంచి మూత్రసంచికి ఉండే పాత నాళపు అవశేషంలో పుట్టే యూరాకల్ రకం వేరే జాతి, వాటికి వైద్యమే వేరు. అందుకే పేరు సరిగ్గా పెట్టడం ముందు పని అన్నారు.

నాయన అంతసేపూ తెర వైపే చూస్తున్నాడు. ఉన్నట్టుండి, “ఈ ఊదా రంగు దేనితో వేశారమ్మా?” అని అడిగాడు. గూడూరు అమ్మాయి తమిళంలో చెప్పింది. డాక్టరమ్మ ముఖం మారిపోయింది. కుర్చీ నాయన వైపు తిప్పుకుని చెప్పారు. ఆ రంగు హెమటాక్సిలిన్. మధ్య అమెరికాలో పెరిగే ఒక చెట్టు చేవ నుంచి తీస్తారు. ఒకప్పుడు దాంతో బట్టలకు నలుపు అద్దేవారు. ఇప్పుడు ప్రపంచమంతా క్యాన్సర్ స్లైడ్ల మీద అదే వాడుతున్నారు. పటిక కలిపితేనే కణం కేంద్రకానికి పట్టుకుంటుంది. నాయన తల ఊపి, “పటిక లేకుండా ఏ చెట్టు రంగు నిలబడుతుంది తల్లీ” అన్నాడు. జబ్బు బయటపడ్డాక ఆయన అంత తెలిసినట్టు, అంత ధైర్యంగా మాట్లాడటం నేను అదే మొదటిసారి చూడటం. ఒక డాక్టర్ ఒక రోగితో సమానంగా పది నిమిషాలు రంగుల గురించి మాట్లాడారు. ఈ రివ్యూలో నేనిచ్చే మార్కుల్లో సగం ఆ పది నిమిషాలకే.

ఆ మాటల్లోనే రంగుల పని గురించి కూడా వచ్చింది. 1895లోనే జర్మనీలో లుడ్విగ్ రెన్ అనే సర్జన్, రంగుల కర్మాగారంలో పనిచేసేవాళ్లకు మూత్రాశయంలో గడ్డలు రావడం గమనించి రాశాడట. బెంజిడిన్ లాంటి పదార్థాలు కారణమని తర్వాత తేలింది. నాయన నాప్తాల్ రంగులు, వాటితో కలిసి రంగు తేల్చే బేసులు అనే రసాయనాలు ఒట్టి చేతులతో కలిపిన మనిషి. అదా, బీడీయా, రెండూనా అని ఒక్క మనిషి విషయంలో తేల్చి చెప్పడం కుదరదని ఆవిడ ఉన్నమాట చెప్పారు. తమ్ముడు ఇప్పటికీ ఆ తొట్ల దగ్గరే ఉన్నాడు. చేతి తొడుగులు లేకుండా తొట్టి ముట్టనని ఆ రోజే మాటిచ్చాడు.

తర్వాత జన్యు పరీక్ష. ఇక్కడే ల్యాబ్ మీద నాకు ఫిర్యాదులున్నాయి.

కౌంటర్లో మొదట 85 వేల పెద్ద ప్యానెల్ తీసుకోమన్నారు. వందల జన్యువులు చూస్తారట. మా క్యాన్సర్ డాక్టర్‌కు ఫోన్ చేసి అడిగితే, ఎఫ్‌జీఎఫ్ఆర్3, సీడీహెచ్1, టెర్ట్, టీపీ53, హెచ్ఈఆర్2, మైక్రోశాటిలైట్ (డీఎన్‌ఏలో పదేపదే వచ్చే చిన్న తునకల) పరీక్ష ఉన్న చిన్న ప్యానెల్ ఇప్పటికి చాలన్నారు. 42 వేలు అయింది. పరీక్ష ఎంచుకునే మాట కౌంటర్లో తేలకూడదు, వైద్యం చేసే డాక్టర్ దగ్గర తేలాలి. కంగారులో ఉన్నవాళ్లు పెద్దదే మంచిదనుకుంటారు. నేనూ సంతకం పెట్టేసేదాన్నే.

రెండోది ఆలస్యం. పద్నాలుగు రోజులన్నది ఇరవై నాలుగు రోజులైంది. మొదటి బ్లాక్‌లో ముక్క, గడ్డ గీకేటప్పుడు కరెంటు వేడికి మాడిపోయి ఉందట, డీఎన్‌ఏ తునకలైపోయి పరీక్ష నిలబడలేదు. ఇంకో బ్లాక్ తీసి మళ్లీ చేశారు, అదనంగా డబ్బు తీసుకోలేదు. అది మంచిదే. కానీ ఫెయిలైన సంగతి నేను ఫోన్ చేసి అడిగితే తప్ప చెప్పలేదు. ఆ పది రోజులూ ఇంట్లో టెన్షన్ చెప్పలేను. రెండోసారి చేసినప్పుడు డాక్టరమ్మ స్వయంగా స్లైడ్ మీద పెన్నుతో గడ్డ ఉన్న చోటు చుట్టూ గీసి, ఆ భాగం మాత్రమే గీకి తీయించారని తర్వాత తెలిసింది. విడివిడిగా పాకే కణాలు కాబట్టి, మామూలు కండతో కలిసిపోతే మ్యుటేషన్ (జన్యువులో మార్పు) దొరక్కుండా పోయే ప్రమాదం ఉందట. మీరు పరీక్షకు ఇచ్చేటప్పుడు, ముక్కలో గడ్డ కణాలు ఎంత శాతం ఉన్నాయో పాథాలజిస్ట్ చూశారా అని తప్పకుండా అడగండి.

రిపోర్టు పద్నాలుగు పేజీలు. మొదటి పేజీ చాలు, మిగతావి డాక్టర్లకు. సీడీహెచ్1లో జన్యువును మధ్యలోనే ఆపేసే మ్యుటేషన్. ఈ-క్యాథరిన్‌ను తయారుచేసేది ఈ జన్యువే. స్లైడ్ మీద గోధుమ గీత ఎందుకు లేదో ఇక్కడ అర్థమైంది. 2016లో న్యూయార్క్ మెమోరియల్ స్లోన్ కెటరింగ్ పరిశోధకులు ప్లాస్మాసైటాయిడ్ గడ్డల్లో ఎక్కువ భాగంలో ఈ జన్యువే చెడిందని ప్రచురించారట. టెర్ట్ జన్యువు ముందుండే స్విచ్ లాంటి చోట కూడా మార్పు ఉంది. యూరోథీలియల్ గడ్డల్లో సగానికి పైగా కనిపించే మార్పు అది, కాబట్టి గడ్డ పుట్టింది మూత్రాశయంలోనే అన్న మాటకు ఇంకో సాక్ష్యం. ఎఫ్‌జీఎఫ్ఆర్3 మామూలుగా ఉంది. అది మారి ఉంటే ఎర్డాఫిటినిబ్ అనే మాత్రకు ఒక దారి ఉండేది, దానికి 2019లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. మాకు ఆ దారి లేదు. లేదని తెలియడం వల్ల వేరేవాళ్లు చెప్పిన మాత్ర వెంట పడకుండా, ముందు సిస్‌ప్లాటిన్ కీమో, తర్వాత ఆపరేషన్ అని తిన్నగా నడుస్తున్నాం. నాయనకు ఇప్పటికి మూడు డోసులు అయ్యాయి. ఈ రకం పొత్తికడుపు గోడకు లోపలివైపు ఉండే పొర మీద పాకే అలవాటున్నది కాబట్టి ఆపరేషన్‌కు ముందు అది చూసుకుంటామని సర్జన్ చెప్పారు.

సీడీహెచ్1 పేరు చూసి నేను రాత్రంతా ఫోన్లో చదివాను. చదవకుండా ఉండాల్సింది. ఆ జన్యువు పుట్టుకతోనే చెడిపోయి ఉంటే వంశంలో పొట్ట క్యాన్సర్, ఆడవాళ్లకు రొమ్ము క్యాన్సర్‌లో ఒక రకం వచ్చే ప్రమాదం ఎక్కువని ఉంది. నాకు ఇద్దరు ఆడపిల్లలు. తెల్లవారేవరకు కూర్చున్నాను. నిజానికి రిపోర్టుతో పాటే, దాని అర్థమూ వంశంలో ప్రమాదమూ వివరించే జెనెటిక్ కౌన్సిలర్‌తో మాట్లాడించాలి. మాకు అడిగాక, వారం తర్వాత ఇచ్చారు. ఇదే ఈ ల్యాబ్‌లో అన్నిటికంటే పెద్ద లోపం. ఇలాంటి జన్యువు పేరున్న కాగితాన్ని మనిషి చేతిలో పెట్టి పంపేయకూడదు.

కౌన్సిలర్ మాత్రం చాలా ఓపికగా చెప్పింది. చిన్న వయసు అమ్మాయి. కాగితం మీద మా మూడు తరాల చెట్టు గీసింది. తాతలు, మేనత్తలు, పెదనాన్నలు ఎవరు ఎందుకు, ఏ వయసులో పోయారో అడిగింది. 1998లో న్యూజిలాండ్‌లో అక్కడి మూలవాసులైన ఒక మావోరీ కుటుంబంలో పొట్ట క్యాన్సర్ తరతరాలుగా రావడం చూసి ఈ జన్యువు సంగతి కనుక్కున్నారని చెప్పింది. తర్వాత అసలు మాట చెప్పింది. గడ్డలో మార్పు రెండు రకాలు. ఒకటి పుట్టుకతో వచ్చి ఒంట్లో ప్రతి కణంలోనూ ఉండేది, పిల్లలకు సగం సగం అవకాశంతో పోతుంది. రెండోది బతుకులో ఎప్పుడో ఆ ఒక్క చోట పుట్టి ఆ గడ్డలోనే ఉండిపోయేది, పిల్లలకు పోదు. ప్లాస్మాసైటాయిడ్ గడ్డల్లో కనిపించేది సాధారణంగా రెండో రకమే. కానీ గడ్డ పరీక్ష ఒక్కదాన్ని బట్టి ఖాయంగా చెప్పకూడదు, రక్తంలో చూసి తేల్చుకుందాం అంది. నాయన రక్తం ఇచ్చాం. 9 వేలు. పన్నెండు రోజులకు రిపోర్టు. రక్తంలో ఆ మార్పు లేదు.

ఆ కాగితం చూపించి మా పెద్దదానితో, “తాతకు వచ్చింది మనకు రాసిపెట్టింది కాదే” అన్నాను. దానికి పదహారేళ్లు, అన్నీ ఫోన్లో చదువుతుంది. ఏం మాట్లాడలేదు, వెళ్లి తాత పక్కన కూర్చుంది.

మిగతా విషయాలు క్లుప్తంగా. పార్కింగ్ లేదు, ఆటోలో వెళ్లండి. ఆదివారం శాంపిల్ తీసుకోరు. బిల్లులో మార్కర్లను విడివిడిగా రాయించుకోండి, మొత్తంగా ఒక అంకె రాసిస్తే ఇన్సూరెన్స్ వాళ్లు వెనక్కి పంపారు. ఆరు మార్కర్లకు 9,600 అయింది. ల్యాబ్‌కు ఎన్‌ఏబీఎల్ (ల్యాబుల నాణ్యత చూసి గుర్తింపునిచ్చే సంస్థ) గుర్తింపు ఉందో లేదో, అదీ మీరు చేయించే పరీక్షకే ఉందో లేదో గోడ మీది సర్టిఫికెట్ చూసి అడగండి. రిపోర్టు ఇంగ్లీషులోనే ఇస్తారు, తెలుగులో ఒక పేజీ సారాంశం ఇస్తే మా నాయన లాంటివాళ్లు తమ జబ్బు పేరు తామే చదువుకుంటారు. ఈ మాట వాళ్ల సలహాల పెట్టెలో రాసి వేసి వచ్చాను.

స్లైడ్ రివ్యూకు ఐదుకు ఐదు. జన్యు పరీక్షకు మూడు. కౌన్సిలర్ మాటలకు ఐదు, ఆమె దగ్గరికి పంపిన తీరుకు రెండు.

పని అయ్యాక బ్లాకులు మూడూ చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, సంతకం తీసుకుని తిరిగిచ్చారు. ఎండ, వేడి తగలనివ్వొద్దని, ముందు ముందు ఏ కొత్త పరీక్షకైనా ఇవే కావాలని గూడూరు అమ్మాయి రెండుసార్లు చెప్పింది. మూడో బ్లాక్‌లో ఇంకా గడ్డ ముక్క మిగిలి ఉందని రిపోర్టు చివర రాసి ఉంది. డబ్బాను బీరువాలో కింది అరలో, నాయన పెళ్లికి అమ్మకు తానే రంగులద్ది నేయించిన చీర పక్కన పెట్టాను.